ఉప్పు జాడీ చెమర్చిన పూట

మైపాడు సముద్రం ఇంకా కంటికి ఆనలేదు. హోరు మాత్రం రాత్రంతా వినపడుతూనే ఉంది. తెల్లవారుజాము అయిదున్నర. వాయుగుండం తీరం దాటి రెండ్రోజులైంది. వాన వెలిసింది కానీ తూర్పు గాలి తగ్గలేదు. మీరు మా మామయ్య ఇంటి అరుగు మీద కూర్చున్నారు. ముంజేతిని వేలితో రుద్దితే జిగురు తగులుతుంది. పెదవి తడుపుకుంటే ఉప్పగా ఉంటుంది. నిన్న పొద్దున దండెం మీద ఆరేసిన పంచె ఇవాళా తడిపొడిగానే వేలాడుతోంది. సరుగుడు తోపు అవతల నుంచి వచ్చే ఈ గాలి ప్రతి వస్తువు మీదా కంటికి కనపడని ఉప్పు పొర ఒకటి పరిచి పోతుంది.

వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినపడింది.

"ఏమండీ, జాడీ నీళ్లొదిలింది."

ఉప్పు జాడీ సంగతి అది. మూత తీసి మీకూ చూపిస్తుంది, చూడండి. రాళ్ల ఉప్పు పైన తళతళా మెరుస్తోంది. జాడీ వంచితే అడుగున చెంచాడు నీరు ఒక పక్కకు జారింది. వంట చేసేవాళ్లకు అది చిరాకు. మా మామయ్యకు మాత్రం అది ఒక కబురు. కాఫీ గ్లాసు కింద పెట్టి, మొలతాడుకు కట్టుకున్న తాళంచెవి తీసుకుని బీరువా దగ్గరికి లేచాడు. జాడీ చెమర్చిన రోజు రైఫిల్ బయటికి రావాల్సిందే. రిటైరయినప్పటి నుంచీ ఈ ఇంట్లో అదే నియమం.

ముప్పై ఏళ్లు పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వులో ఆర్మరర్‌గా చేసిన మనిషి ఆయన. చేరిన రోజుల్లో పాయింట్ త్రీనాట్‌త్రీలు, నడిమి రోజుల్లో ఎస్‌ఎల్‌ఆర్‌లు, చివరికి ఇన్సాస్‌లు. తూటా పేల్చిన లెక్క ఆయన దగ్గర లేదు కానీ తుడిచిన గొట్టాల లెక్క వేలల్లో ఉంటుంది. ఆ వేల గొట్టాలు నేర్పిన పాఠాన్ని ఈ ఇంటి జాడీ ఏటా కార్తీక, మార్గశిరాల్లో మళ్లీ చదివిస్తుంది.

జాడీలో జరిగేది ఏమిటో ముందు తెలియాలి. శుద్ధమైన ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే నీటిని పీల్చి కరగడం మొదలుపెడుతుంది. మన ఇసకపల్లి మళ్లలో పండే ఉప్పు అంత శుద్ధం కాదు. దానికి మెగ్నీషియం క్లోరైడ్ అంటుకుని ఉంటుంది. ఉప్పు గట్టిపడ్డాక మడిలో మిగిలే చేదు నీళ్లలో ఉండేది అదే. దానికి 33 శాతం తేమ చాలు, నీరు కారుతుంది. సముద్రపు గాలి మోసుకొచ్చే తుంపరలో ఈ రెండూ ఉంటాయి. జాడీలో రాయి నీరయితే కూర ఉప్పన ఎక్కువో తక్కువో అవుతుంది, అంతే. అదే రేణువు ఉక్కు మీద పడి నీరయితే అక్కడ తుప్పు పుడుతుంది. జాడీ చెమర్చిందంటే బీరువాలో గొట్టం మీద కూడా చెమ్మ పట్టే గాలి ఇంట్లోకి వచ్చిందన్నమాట.

రైఫిల్ బయటికి వచ్చింది. పాయింట్ త్రీవన్‌ఫైవ్, ఇషాపూర్ తయారీ. మన దేశంలో లైసెన్సుదారుల చేతుల్లో ఎక్కువగా కనపడే రైఫిళ్లలో ఇదొకటి. పశ్చిమ బెంగాల్‌లోని ఆ ఫ్యాక్టరీలోనే తరాల తరబడి పోలీసుల త్రీనాట్‌త్రీలు, సైన్యం ఎస్‌ఎల్‌ఆర్‌లు తయారయ్యాయి. 2021 అక్టోబరు నుంచి అది అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ కింద ఉంది.

మామయ్య మూతిని సముద్రం వైపు తిప్పాడు. బోల్టు వెనక్కి లాగి, కన్నుపెట్టి చూసి, అంతటితో ఊరుకోక చిటికెన వేలు చాంబర్‌లో పెట్టి తడిమాడు. మ్యాగజైన్ తీసి పక్కన పెట్టాడు. తూటాలు ఈ అరుగు మీదికి రావు, అవి లోపల వేరే తాళంలో ఉన్నాయి. లైసెన్సు ఆయనది, కనుక ఆయుధం ఆయన చేతిలోనే ఉంటుంది. నా చేతులూ మీ చేతులూ ఒళ్లోనే.

"కంటిని నమ్మబాక అబ్బయా. వేలిని నమ్ము" అన్నాడు నాతో.

బోల్టు పూర్తిగా ఊడదీశాక గొట్టాన్ని తెల్లవారుతున్న ఆకాశం వైపు ఎత్తి, వెనక నుంచి మిమ్మల్ని చూడమంటాడు. కన్ను దగ్గరికి తీసుకెళ్లండి. మొదట చీకటి గొట్టం కొసన ఒక తెల్లటి నాణెం. కన్ను అలవాటు పడేకొద్దీ గోడల మీద వెలుగు గీతలుగా విడిపోతుంది. ఆ గీతలు తిన్నగా లేవు, జడ అల్లినట్టు మెలి తిరుగుతూ మూతి దాకా పోతున్నాయి. లోతుగా ఉన్నవి గాడులు, ఎత్తుగా ఉన్నవి మిట్టలు. తూటా ఆ మిట్టల మధ్య బిగిసి, మెలిక వెంట తిరుగుతూ బయటికి వస్తుంది. ఆ తిప్పుడే దాన్ని గాలిలో బొంగరంలా నిలబెడుతుంది. త్రీనాట్‌త్రీ గొట్టంలో అయిదు గాడులు ఎడమకు తిరుగుతాయి, 10 అంగుళాలకు ఒక చుట్టు. తూటా సెకనుకు 2,440 అడుగుల వేగంతో బయటపడుతుంది. లెక్క వేసుకోండి, సెకనుకు 2,900 చుట్లకు పైమాట. అన్ని చుట్లు తిరిగే సీసపు ముద్దను దారిలో పెట్టేవి వెంట్రుక మందంతో పోల్చదగ్గ ఆ మిట్టలే. వాటి అంచు మొద్దుబారితే గురి చెదురుతుంది. ఆ అంచుల్ని కాపాడుకోవడానికే ఇంత శ్రమ.

ఇప్పుడు ఆ గోడ మీద ఒక చోట, మూతికి జానెడు ఇవతల, మసక మచ్చ ఒకటి కనపడుతుంది. గీతలు అక్కడ చెదిరినట్టుంటాయి. 2024 ఎన్నికలప్పుడు వచ్చిన మచ్చ అది. కోడ్ వచ్చిన మార్చిలో లైసెన్సు ఆయుధాలు డిపాజిట్ చేయమన్నారు. ఫలితాలయ్యాక జూన్‌లో తిరిగి ఇచ్చారు. ఇక్కడ మాకు అసలే ఉక్కపోత కాలం. డిపాజిట్‌కు ఇచ్చేటప్పుడు తోలు సంచిలో పెట్టి ఇచ్చాం. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలు పదును పెట్టే ఉప్పులు కూడా అందులో ఉంటాయి. మామయ్య ఆ వారం ఆస్పత్రిలో ఉన్నాడు. హడావుడిలో సంచీ సర్దింది నేను. లోపల ఆయిల్ పూయాలని నాకు తోచలేదు. మూడు నెలల తర్వాత తిరిగి వచ్చాక మొదటి చిందీ కాషాయం రంగులో బయటికి వచ్చింది. ఆయన ఒక్క మాటా అనలేదు. ఆ గుడ్డ ముక్కను మడిచి నా చేతిలో పెట్టాడు. ఈ రోజుకీ అది నా దగ్గరుంది.

చిందీ అంటే తెలుసుగా. మిలటరీ, పోలీసు, ఎన్‌సీసీ, ఎక్కడైనా గొట్టం తుడిచే మెత్తటి గుడ్డ ముక్కకు అదే పేరు. ఎన్‌సీసీలో మాకు కొలతలు కంఠతా పట్టించారు. తుడవడానికి 4 అంగుళాలు ఇంటూ 2. ఆయిల్ పూయడానికి 4 ఇంటూ ఒకటిన్నర. రెండోది చిన్నదిగా ఎందుకుండాలో అప్పుడు అడగలేదు. ఇప్పుడు మామయ్య చేతిలో చూస్తే అర్థమవుతుంది. తుడిచే చిందీ గాడుల అడుగుదాకా ఒత్తుకుపోవాలి, కనుక బిగువుగా ఉండాలి. ఆయిల్ చిందీ అంత బిగువుగా ఉంటే నూనెనంతా పిండుకుని తనే మోసుకుపోతుంది. కాస్త వదులుగా ఉంటే నూనెను గోడకు వదిలిపెట్టి వస్తుంది.

పుల్‌త్రూ తాడు కొసన ఇత్తడి బరువును చాంబర్ వైపు నుంచి జారవిడిచాడు. అది టక్ మని మూతి బయటికి వచ్చి వేలాడింది. తాడు కన్నంలో చిందీ దూర్చి, రైఫిల్‌ను మోకాళ్ల మధ్య నిలబెట్టి, ఒకే ఊపున, మధ్యలో ఆగకుండా, తిన్నగా లాగాడు. గాలి పీల్చుకున్నట్టు చప్పుడైంది.

"తాడు మూతి అంచుకు రాసుకోకూడదు. బావి గిలకలేని చోట చేంతాడు ఒరను కోసినట్టు కోస్తది" అన్నాడు.

బయటికి వచ్చిన చిందీని పారేయలేదు. అరుగు మీద పరిచాడు. ఇక్కడే మీరు కాస్త ముందుకు వంగి చూడాలి. ఆ గుడ్డ ముక్క మీద గొట్టం లోపలి కథంతా రంగుల్లో ఉంటుంది. నల్లటి చారలు మందు కాలిన మసి. నీలి ఆకుపచ్చ ఛాయ తూటా తొడుగు నుంచి గోడకు అంటుకున్న రాగి, సాల్వెంటులోని అమ్మోనియాలో కరిగి వస్తే ఆ రంగు. బూడిదరంగు పొలుసులు సీసం. కాషాయమో ఇటుక రంగో అయితే తుప్పు. మొదటి మూడింటికీ మందుంది. నాలుగోది పైపైన ఉంటే తుడిస్తే పోతుంది, గుంట పడితే మాత్రం పోదు. గుంటలో మసి చేరుతుంది, మసి తేమను పీలుస్తుంది, తేమ గుంటను ఇంకా తవ్వుతుంది. దోమలు ముసిరే గుంటలాంటిదే, ఒకసారి పడిందంటే కాపలా కాయాల్సిందే.

ఇవాళ్టి చిందీ మీద లేత గోధుమరంగు మరక ఒకటి, కందిగింజంత. మామయ్య ముఖం గంభీరమైంది. రెండో చిందీ ఆయిల్‌తో పంపి, పావుగంట ఆగి, మూడోది పొడిది లాగాడు. మరక సగమైంది. నాలుగోది తెల్లగా వచ్చింది. ఊపిరి వదిలాడు. మీరూ వదిలారు.

ఆ పావుగంటలో ఆయన త్రీనాట్‌త్రీ రోజుల ముచ్చట చెప్పాడు. ఫైరింగ్ అయిన సాయంత్రం రేంజి పక్కనే పొయ్యి పెట్టి డేగిసాల్లో నీళ్లు మరిగించేవాళ్లట. గరాటు పెట్టి ప్రతి గొట్టంలో సలసలా కాగే నీళ్లు పోసేవాళ్లట. కొత్తగా చేరిన కానిస్టేబుళ్లు, ఇనుములో నీళ్లు పోస్తారా అని ఆశ్చర్యపోయేవాళ్లు. కారణం మళ్లీ ఉప్పే. పాతకాలపు తూటాల క్యాపులో పొటాషియం క్లోరేట్ ఉండేది. అది పేలాక పొటాషియం క్లోరైడ్‌గా మిగులుతుంది. మన వంటింటి ఉప్పుకు అది తోడబుట్టినది. నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. ఎంత ఆయిల్ పూసినా ఆ ఉప్పు నూనె కింద భద్రంగా కూర్చుని తన పని తాను చేసుకుపోతుంది. కాగిన నీళ్లు దాన్ని కరిగించి బయటికి తోస్తాయి. వేడెక్కిన గొట్టం తన వేడికి తానే ఆరుతుంది. ఆ తర్వాతే ఆయిల్. ఉప్పు మిగలని క్యాపులు 1920ల్లో జర్మనీలో, అమెరికాలో మార్కెట్‌కు వచ్చాయి. ఇప్పటి తూటాల్లో అవే ఎక్కువ. పాత స్టాకు తూటా ఏ క్యాపుతో వచ్చిందో తేలనప్పుడు మాత్రం మామయ్య ఇప్పటికీ పొయ్యి మీద నీళ్లు పెట్టిస్తాడు.

మా తీరంలో రైఫిల్‌కు ఉప్పు రెండు వైపుల నుంచీ వస్తుంది. బయటి నుంచి సముద్రం పంపేది ఒకటి, లోపల తూటా వదిలేది ఇంకొకటి. రెండింటికీ మొదటి మందు నీళ్లే, నూనె ఆ తర్వాత.

ఏడున్నరకు గేటు చప్పుడైంది. మామయ్య మనవరాలు, కూతురి కూతురు, స్కూటీ దిగింది. కాలేజీలో చదువుతూ 50 మీటర్ల రైఫిల్ ఆడే అమ్మాయి. 2012లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచినప్పుడు అది పలకా బలపం పట్టే వయసు. 2024లో పారిస్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో దేశానికి మొదటి ఒలింపిక్ పతకం తెచ్చినప్పుడు మాత్రం ఈ అరుగు మీదే కూర్చుని ఫోన్‌లో చూసింది. ఇప్పుడు తనకంటూ ఒక పాయింట్ టూటూ కొనుక్కోవాలి. కాగితం నిండా రెండు మూడు మోడళ్ల వివరాలు రాసుకొచ్చింది.

"తాతయ్యా, స్టెయిన్‌లెస్ బ్యారెల్ తీసుకుంటే తుప్పు బాధ ఉండదు కదా?"

మామయ్య జవాబు చెప్పలేదు. లోపలికి వెళ్లి ఫ్రిజ్ మీది అయస్కాంతం ఊడబెరుక్కొచ్చాడు. కాఫీ తాగిన స్టీలు గ్లాసుకు ఆనించాడు. అంటుకోలేదు, జారి అరుగు మీద పడింది.

"ఇది మంచిరకం వంటింటి స్టీలు తల్లీ. నూటికి 18 పాళ్లు క్రోమియం, 8 పాళ్లు నికెల్. అయస్కాంతానికి లొంగదు, ఉప్పుకీ ఓ పట్టాన లొంగదు. నువ్వు రాసుకొచ్చిన బ్యారెల్ మీద పెట్టు ఇదే అయస్కాంతం, గట్టిగా అతుక్కుంటది."

అమ్మాయి కాగితం చూసుకుంది. 416 రకం స్టెయిన్‌లెస్ అని ఉంది. క్రోమియం 12 నుంచి 14 పాళ్లు. నికెల్ ఉండదనే చెప్పాలి. మరలో నున్నగా కోతకు లొంగడానికి కొద్దిగా గంధకం కలుపుతారు. ఆ నునుపే దాని గొప్ప. పందెపు బ్యారెళ్లు చేసేవాళ్లు అందుకే దాన్ని ఇష్టపడతారు. మామూలు క్రోమ్ మాలీ ఉక్కుకన్నా అది తుప్పుకు ఎక్కువ సేపు ఓర్చుకుంటుంది. అయితే పేరు చూసి మైపాడు గాలికి వదిలేస్తే దాని మీదా సూదిమొనల్లాంటి చుక్కలు పడతాయి.

"మరి గొట్టం లోపల క్రోమ్ పూత వేస్తారు కదా? ఇన్సాస్‌కు ఉందన్నావు?"

"ఉంది. జవాను వానలో, బురదలో, నెలల తరబడి తిరగాలి. అక్కడ మన్నికే ముందు. నీకేమో 50 మీటర్ల అవతల 10.4 మిల్లీమీటర్ల పది కావాలి. ఆ పూత గొట్టం పొడుగునా ఒకే మందంలో పడటం కష్టం. అందుకే పందెపు గొట్టానికి మామూలుగా పూత వేయించరు."

గొట్టం ఎంపికలో అసలు చిక్కు అదే. మన్నిక పెంచేది కొన్నిసార్లు గురిని తగ్గిస్తుంది, గురి పెంచేది కాపలా ఎక్కువ కోరుతుంది. చరిత్రలోనూ అదే జరిగింది. బ్రిటిష్ సైన్యం లీ మెట్‌ఫోర్డ్ రైఫిల్ తెచ్చినప్పుడు దాని గాడులు లోతు తక్కువ, అంచులు గుండ్రం. నల్ల మందుకు అవి చక్కగా సరిపోయాయి. కార్డైట్ మందు వచ్చాక దాని వేడికి ఆ గాడులు తొందరగా అరిగిపోయాయి. 1895లో లోతైన, పలక అంచుల గాడులు తెచ్చారు. ఎన్‌ఫీల్డ్ ఊరి పేరే దానికి పెట్టారు. మామయ్య తుడిచిన త్రీనాట్‌త్రీలన్నీ ఆ మార్పు కన్న బిడ్డలే.

అరుగుదల ఎక్కడ మొదలవుతుందో కూడా ఆయన వేలితో చూపించాడు. చాంబర్ దాటగానే గాడులు మొదలయ్యే చోటు, దాన్ని గొంతు అంటాడు. తూటా కదిలే క్షణంలో మంట అంతా అక్కడే. పెద్ద రైఫిళ్లలో, పందెపు గురి ఆశించేవాళ్లకు, 7.62 గొట్టం సుమారు అయిదు వేల తూటాలకు గొంతు దగ్గర అరిగిపోతుంది. ఇంకా వేడి మందు వాడే తూటాలకైతే రెండు వేలలోపే. పాయింట్ టూటూ పుణ్యం చేసుకుంది. 40 గ్రెయిన్ల మెత్తటి సీసం, పైన మైనం లాంటి పూత, చిటికెడు మందు, ధ్వని వేగానికి అటూఇటూగా సెకనుకు 330 మీటర్లు. ఆ గొట్టం పదివేల తూటాలు పేల్చినా గొంతు చెక్కుచెదరదు. అమ్మాయి జీవితంలో ఆడే ఆట అంతటికీ ఒక్క గొట్టం సరిపోవచ్చు.

"అట్టయితే టూటూ గొట్టాలు ఎందుకు పాడవుతున్నాయి మామయ్యా?" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. "నీకు తెలీదా అబ్బయా?"

తెలుసు. కాలేజీలో ఎన్‌సీసీ రోజులు. ఆదివారం ఫైరింగ్. 25 గజాల దూరం, మనిషికి అయిదు తూటాలు. అయ్యాక రైఫిళ్లు శుభ్రం చేయడం మా వంతు. పుల్‌త్రూ తెగిపోతే ఉక్కు కడ్డీ ఒకటి ఇచ్చారు. చాంబర్ వైపు నుంచి దూర్చాలంటే బోల్టు తీయాలి, బద్ధకించి మూతిలోంచే దూర్చి దబదబా ఆడించేవాణ్ని. కడ్డీ వంగి ప్రతిసారీ మూతి అంచుకు రాసుకునేది. నాలాంటి కుర్రాళ్లు ఏళ్ల తరబడి అదే చేశారు. ఆ రైఫిల్ గ్రూపు నా కళ్ల ముందే విచ్చుకుపోయింది. రూపాయి బిళ్ల కింద దాగే అయిదు చిల్లులు కొన్నాళ్లకు అరచేతి కింద కూడా దాగలేదు. తూటాలు పాడుచేయని గొట్టాన్ని మేము శుభ్రం చేస్తూ పాడుచేశాం.

మూతి అంచును క్రౌన్ అంటారు. తూటాను గొట్టం చివరిసారి ముట్టుకునేది అక్కడే. అంచు చుట్టూ ఒకేలా ఉంటే వెనక తరుముకొచ్చే గ్యాసు చుట్టూ ఒకేసారి బయటపడుతుంది. ఒక పక్క చిన్న గీత పడితే గ్యాసు అటువైపు ముందుగా చిమ్మి తూటా తోకను పక్కకు తోస్తుంది. మామయ్య చెవిలో పెట్టుకునే దూది పుల్ల తీసుకుని మూతి లోపల నుంచి బయటికి, గడియారం ముల్లులా ఒక్కో దిక్కుకూ లాగాడు. నున్నగా వచ్చింది. గీత ఉంటే దూది పోగు అక్కడ చిక్కుకుని వెంట్రుకలా లేచి నిలబడుతుంది. పైసా ఖర్చు లేని పరీక్ష. పాతదో కొత్తదో రైఫిల్ కొనేముందు దుకాణంలోనే, లైసెన్సు చూపించి, అడిగి చేయించుకోవాలి.

క్రౌన్ దెబ్బతింటే కొద్దిగా కోసి మళ్లీ చెక్కవచ్చు, లైసెన్సున్న గన్‌స్మిత్ దగ్గర మాత్రమే. అనుమతి లేకుండా గొట్టం పొట్టి చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం.

అమ్మాయి తన కాగితం మీద వరుసగా రాసుకుంటోంది. భుజం మీంచి చూడండి. ఒకటి, మెలిక: పాయింట్ టూటూకు 16 అంగుళాలకు ఒక చుట్టు. రెండు, బరువైన గొట్టం: తొందరగా వేడెక్కదు, పేలినప్పుడు తక్కువ వణుకుతుంది, కానీ పడుకుని కాల్చే 60 తూటాల సేపు చెయ్యి మోయాలి. మూడు, తూటాతో జోడీ: ఒకే కంపెనీ తూటాల్లోనే ఒక్కో లాటు ఒక్కో గొట్టానికి నప్పుతుంది. అందుకే ఇంగ్లండులో ఈలీ, జర్మనీలో లాపువా కంపెనీలు షూటర్లు గొట్టం తెచ్చి లాట్లు పరీక్షించుకునే కేంద్రాలే నడుపుతున్నాయి. నప్పిన లాటు దొరికితే ఏడాదికి సరిపడా అదే కొనిపెట్టుకోవాలి.

"నాలుగోది నేను చెప్తా రాయి" అన్నాడు మామయ్య. జేబులోంచి పది రూపాయల నోటు తీసి గొట్టానికీ కింది కర్రకూ మధ్య దూర్చి చాంబర్ వైపు జరపమన్నాడు. జానెడు పోయి ఆగిపోయింది.

"మే నెలలో ఇదే నోటు చివరిదాకా పోయింది. మన వానలకు కర్ర ఉబ్బి గొట్టాన్ని ఒక పక్క నుంచి నొక్కుతా ఉంది. ఎండలో జీరో చేసుకున్న గురి వానలో పక్కకు పోయేది ఇందుకే. నువ్వు కొనే దాంట్లో గొట్టం చుట్టూ ఖాళీ ఉండాలి. కర్ర బదులు అల్యూమినియం దిమ్మె అయితే ఇంకా మంచిది. ఊరి గాలిని చూసి గొట్టం కొనుక్కోవాలి తల్లీ. కంపెనీ పుస్తకం రాసినోడు మైపాడు చూసుండడు."

ఎండ వచ్చింది. సరుగుడు నీడలు వాకిట్లోకి జారాయి. ఆఖరి పని మిగిలింది. ఆయిల్ చిందీ లోపలికి ఒకసారి, పైన చేతులు తాకిన చోటల్లా ఒకసారి. చేతి చెమటలో కూడా ఉప్పే కదా. కొబ్బరినూనె ససేమిరా కూడదంటాడు, బంకై బోల్టు బిగుసుకుంటుందని. పేల్చేది లేకుండా నెలల తరబడి ఉంచాలంటే ఆయిల్ కూడా చాలదు, మినరల్ జెల్లీ పల్చగా పూయాలి. మళ్లీ పేల్చే రోజు ఆ పూత అంతా పొడి చిందీతో తీసెయ్యాలి. నూనె నిండిన గొట్టంలో మొదటి తూటా గురి తప్పుతుంది, చిక్కటి జెల్లీ అడ్డుపడితే గొట్టమే ఉబ్బిపోవచ్చు. మూతిలో గుడ్డో దూదో కుక్కి దాచకూడదు. అది తేమను పీల్చి అక్కడే నిలవ ఉంచుతుంది, మరిచిపోయి పేల్చావో చెయ్యి పోతుంది. తెరిచి ఉంచితే కందిరీగ మట్టిగూడు కట్టే ఊరు మాది. అందుకే పేల్చే ముందు ప్రతిసారీ గొట్టంలోంచి వెలుగు చూడాల్సిందే.

రైఫిల్ బీరువాలోకి వెళ్లింది, తోలు సంచీ లేకుండా, చెక్క గాడిలో నిలువుగా. పక్కన సిలికాజెల్ సంచులు నాలుగు. నీలం రంగువి రెండు గులాబీ రంగుకు తిరిగాయి. అత్తయ్య వాటిని పెనం మీద సన్నటి సెగకు పెట్టింది. కాసేపటికి మళ్లీ నీలమయ్యాయి. జాడీలో నీరు వంచేసి ఉప్పును చాటలో ఎండకు పెట్టింది. రెండూ ఒకే పొయ్యి దగ్గర, ఒకే చేత్తో.

అమ్మాయి క్రోమ్ మాలీ గొట్టమే తీసుకుంటానంది. స్టెయిన్‌లెస్ కన్నా చవక, మిగిలిన డబ్బుతో తూటాల లాట్లు పరీక్షించుకోవచ్చు. తుడవడానికి బద్ధకించనని తాతకు మాటిచ్చింది. మామయ్య తన పాత ఇత్తడి పుల్‌త్రూ బరువును ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు.

మీ ఇంట్లో లైసెన్సు ఆయుధం ఉంటే, మీ ఊరు కావలి నుంచి తడ దాకా ఈ గట్టున ఎక్కడున్నా, ఇవాళే ఒకసారి బీరువా తెరవండి. ఖాళీ అని వేలితో తడిమి చూసుకోండి. చాంబర్ వైపు నుంచి ఒక తెల్ల చిందీ లాగి, వెలుతురులో పరిచి చూడండి. తెల్లగా వస్తే ఆయిల్ పూసి మూసేయండి. కాషాయం కనపడితే రేపటిదాకా ఆగొద్దు. తుప్పు తిన్న మిట్టను తిరిగి పెట్టగలిగే ఆర్మరర్ ఎక్కడా లేడు.